సర్పి మంటకు ఏది, ఏ రోజున? ఇంటి మందులు, షాపు సరుకుల సమీక్ష

సర్పి (ఇంగ్లీషులో షింగిల్స్) లేచిందనగానే ఇంట్లో తలో మందు చెబుతారు. ఒకరు జేగురు నూరి పూయమంటారు. ఒకరు వేపాకు, పసుపు ముద్ద వేయమంటారు. కొడుకో కోడలో మెడికల్ షాపుకు వెళ్లి గులాబీ రంగు లోషన్ తెస్తారు. ఫోనులో వెతికినవాళ్లు మిరపకాయ సారం కలిసిన క్రీము ఆర్డరు పెడతారు. వీటిలో పనికొచ్చేవి ఉన్నాయి, చర్మాన్ని పాడుచేసేవీ ఉన్నాయి. అయితే చాలామంది తప్పు చేసేది రోజు లెక్క దగ్గర. పొక్కు నీరు కారుతున్నప్పుడు హాయినిచ్చిన సరుకే పక్కు కట్టాక చర్మాన్ని చీల్చేస్తుంది. పక్కు రాలాక నరాల నొప్పికి వాడాల్సిన క్రీము పచ్చి పొక్కు మీద పడితే మనిషి తట్టుకోలేడు. అందుకే ఇక్కడ ప్రతి సరుకు మంచిచెడ్డలతో పాటు దాని రోజు కూడా చెబుతున్నాం.

వీటిలో ఏదీ వైరస్‌ను ఆపదు. చిన్నప్పుడు ఆటలమ్మ తగ్గాక ఆ వైరస్ ఒంట్లోంచి పోదు, వెన్నెముక పక్కనున్న నరాల ముడుల్లో దాక్కుంటుంది. వయసు మీద పడ్డప్పుడో, ఒంట్లో తట్టుకునే శక్తి తగ్గినప్పుడో ఒక నరం పట్టుకుని చర్మం దాకా దిగుతుంది. సర్పి అంటే అదే. ఆటలమ్మకూ సర్పికీ ఉన్న ఈ చుట్టరికాన్ని ఇంగ్లండులోని సైరెన్సెస్టర్‌లో ప్రాక్టీసు చేసిన హోప్ సింప్సన్ అనే డాక్టరు తన దగ్గరికొచ్చే రోగుల లెక్కలు ఏళ్ల తరబడి రాసిపెట్టి, 1965లో విడమరిచి చెప్పారు. ఒక నరం దారిలోనే వస్తుంది కాబట్టి సర్పి ఒళ్లంతా కాకుండా ఒక పక్కనే పట్టీలా ఉంటుంది. నడుము చుట్టూ తిరిగి తల, తోక కలిస్తే ప్రాణం పోతుందన్న భయం మన ఊళ్లలో ఇంకా ఉంది. అందులో నిజం లేదు. నొప్పి పుట్టేది నరంలో, పూత ఆగేది పైచర్మంలో. ఏ లేపనమైనా కొంతవరకే పనిచేయడానికి కారణం ఇదే.

వైరస్‌ను అడ్డుకునేవి మాత్రలు. పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు మొదలుపెడితే వాటి ఫలితం బాగుంటుంది. మామూలుగా పెద్దవాళ్లకు డాక్టర్లు రాసేది ఎసైక్లోవిర్ 800 మిల్లీగ్రాములు రోజుకు 5 సార్లు, లేదా వాలాసైక్లోవిర్ 1 గ్రాము రోజుకు 3 సార్లు, 7 రోజులు. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకు ఈ మోతాదు తగ్గించాలి, కాబట్టి పక్కింటివాళ్ల చీటీ చూసి కొనకూడదు. అదే పేరుతో చిన్న ట్యూబులో ఆయింట్‌మెంట్ కూడా దొరుకుతుంది. మాత్ర బదులు అది రాసుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సర్పికి ఆ పూత పనిచేయదు, ఆ భ్రమలో విలువైన మూడు రోజులు గడిచిపోతాయి. కంటి చుట్టూ, నుదుటి మీద, ముక్కు కొస మీద, చెవిలో పొక్కు కనిపించినా, మూతి ఒక పక్కకు పోయినా, రెండు పక్కలా వ్యాపించినా, గర్భిణికైనా, క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్లకైనా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ముక్కు కొస మీద పొక్కు వచ్చిందంటే కన్ను కూడా దెబ్బతినే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఆ రెండు చోట్లకూ వెళ్లేది ఒకే నరం కొమ్మ.

ఇక సరుకుల సంగతి.

మొదటి వారంలో అన్నిటికన్నా బాగా పనిచేసేది తడిగుడ్డ. పైసా ఖర్చు లేదు. కానీ సరిగా వేసేవాళ్లు తక్కువ. లీటరు నీళ్లు బాగా మరిగించి, సమంగా కొట్టిన టీ చెంచాన్నర ఉప్పు, అంటే సుమారు 9 గ్రాములు, వేసి పూర్తిగా చల్లారనివ్వాలి. ఉప్పు ఎందుకంటే, ఈ పాళ్లలో కలిపితే నీళ్లు ఒంట్లోని ద్రవంతో సమానంగా ఉంటాయి, పచ్చి చర్మం మీద చురుక్కుమనవు. పాత నూలు పంచె ముక్కనో, బాగా ఉతికి మెత్తబడిన వాయిల్ చీర ముక్కనో నాలుగు మడతలు వేసి ఆ నీళ్లలో ముంచాలి. పిండాక చుక్క కారకూడదు, చేతికి మాత్రం చల్లగా తడి తగలాలి. పొక్కుల మీద రుద్దకుండా ఊరికే పరచాలి. ఐదారు నిమిషాలకు గుడ్డ ఒంటి వేడికి వెచ్చబడుతుంది. అప్పుడు తీసి మళ్లీ ముంచి వేయాలి. ఇలా 15 నుంచి 20 నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు.

నీరు ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది కాబట్టి మంట దిగుతుంది. కారిన రసి మెత్తబడి గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది. గుడ్డ మీద ప్లాస్టిక్ కవరు కప్పేవాళ్లున్నారు, తడి ఆరకుండా ఉంటుందని. దాంతో ఆవిరి ఆగిపోతుంది, చర్మం నాని తెల్లగా ఉబ్బుతుంది, చీము పట్టడానికి దారి దొరుకుతుంది. రాత్రంతా తడిగుడ్డ కట్టి పడుకోబెట్టినా అదే జరుగుతుంది. వాడిన గుడ్డను వేరే గిన్నెలో మరిగే నీళ్లలో వేసి ఉతకాలి. పొక్కులోని నీటిలో వైరస్ ఉంటుంది, ఆటలమ్మ రానివాళ్లకు, ముఖ్యంగా గర్భిణులకు, పసిపిల్లలకు అది అంటితే ఆటలమ్మ వస్తుంది. పొక్కులన్నీ పక్కు కట్టాక ఆ భయం లేదు. తడిగుడ్డ అవసరం కూడా అక్కడితో తీరిపోతుంది. పక్కు కట్టినా ఆపకపోతే చర్మం ఎండి పగుళ్లు వస్తాయి.

చల్లదనం మంచిదన్నారు కదా అని ఐసు ముక్కలు నేరుగా పెట్టకండి. సర్పి వచ్చిన చోట నరం ఇప్పటికే గాయపడి ఉంటుంది. ఐసు తగిలితే కొందరికి పోటు రెట్టింపవుతుంది, తిమ్మిరి పట్టిన చోటైతే చర్మం చలికి దెబ్బతిన్నా తెలియదు.

తడిగుడ్డ తరువాత కాలమైన్ లోషన్. షాపులో అడగగానే ఇచ్చే సీసాల్లో రెండు రకాలుంటాయి. కదపకుండా ఉంచితే అడుగున గులాబీ రంగు మడ్డి దిగి, పైన నీళ్లు తేలేది అసలైన సాదా కాలమైన్. ఎంతసేపు ఉంచినా పాలమీగడలా ఒకేలా ఉండేది ముఖానికి రాసుకునే రకం. అందులో నూనె, సువాసన, కలబంద వంటివి కలుస్తాయి. తడి పొక్కుకు కావాల్సింది మొదటిది. అమెరికాలో ఉన్నవాళ్లు సీసా మీది చీటీ ఇంకా శ్రద్ధగా చదవాలి. అక్కడ ఇదే రంగులో, ఇలాంటి పేర్లతో దొరికే కొన్నిటిలో ప్రమోక్సిన్ అనే తిమ్మిరి మందు కూడా ఉంటుంది.

వాడేముందు సీసాను బాగా కుదపాలి. చిన్న గిన్నెలో కొంచెం పోసుకుని దూదితో అద్దాలి, దూదిని సీసా మూతిలో ముంచకూడదు. పలుచగా ఒక్క పూత చాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. చాలామంది చేసే పొరపాటు పాత పూత మీదే కొత్త పూత వేయడం. రెండో రోజుకల్లా అది గోడ సున్నంలా పెచ్చు కడుతుంది, కింద రసి నిలుస్తుంది, పెచ్చు ఊడదీస్తే పొక్కు నెత్తురు కారుతుంది. అందుకే ముందు తడిగుడ్డ వేసి పాత పూతను మెత్తగా తీసి, గాలికి ఆరనిచ్చి, అప్పుడు కొత్తది అద్దాలి. పచ్చిగా నోరు తెరిచిన పుండు మీద, కంటి దగ్గర దీన్ని వేయకూడదు. దురదకూ పైమంటకూ కాలమైన్ బాగుంటుంది. లోపలి నుంచి కరెంటు షాకులా వచ్చే పోటును ఇది తాకలేదు. ఇది తెలిసి కొంటే ఈ సీసా మిమ్మల్ని నిరాశపరచదు.

జేగురు గురించి ఇక్కడే చెప్పాలి. మన ఊళ్లలో సర్పి చుట్టూ జేగురు పూయించడం, మంత్రం వేయించడం తాతల నాటి పద్ధతి. జేగురు, అదే తెలంగాణలో జాజు, ఇనుప ఆక్సైడు కలిసిన ఎర్రమన్ను. కాలమైన్‌లో ఉండేది జింక్ ఆక్సైడు, దానికి గులాబీ రంగు తెచ్చేది కొద్దిపాటి ఇనుప ఆక్సైడు. అంటే రెండూ దగ్గరి చుట్టాలే. మెత్తటి పొడి తడిని పీల్చి, ఆరేటప్పుడు చల్లబరచడమే రెండింటి పనీ. పెద్దవాళ్లు జేగురు పూస్తే హాయిగా ఉందని చెప్పేది వట్టిమాట కాదు. తేడా అంతా శుభ్రతలో ఉంది. మన్నులో ధనుర్వాతం క్రిములుండొచ్చు, చీము పట్టించేవీ ఉండొచ్చు, పైగా నూరే రాయి, కలిపే నీళ్లు, పూసే చెయ్యి ఏవీ మన అదుపులో ఉండవు. చిట్లిన పొక్కు మీద మన్ను వద్దు. పెద్దవాళ్ల మనసు జేగురు మీదే ఉంటే, పొక్కుల జోలికి వెళ్లకుండా చుట్టూ మంచి చర్మం మీద గీత గీయించి, పొక్కుల మీద కాలమైన్ అద్దండి. మాత్రలు మాత్రం ఆపకండి.

దురద ఎక్కువగా ఉంటే ఓట్స్ నీళ్లు వాడొచ్చు. మసాలా, చక్కెర కలపని సాదా ఓట్స్ ఒక కప్పు మిక్సీలో మైదా అంత మెత్తగా పట్టాలి. మెత్తదనం సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక చెంచా పొడి గ్లాసుడు నీళ్లలో వేసి కలపండి. నీళ్లు పాలలా తెల్లబడి, రెండు నిమిషాలైనా అలాగే ఉంటే సరే. అడుగున రవ్వ దిగితే మళ్లీ పట్టాలి. బకెట్ గోరువెచ్చని నీళ్లలో ఈ పొడి ఉండకట్టకుండా చల్లి, మగ్గుతో మెల్లగా పోసుకోవాలి, లేదా పైన చెప్పినట్టే గుడ్డ ముంచి 10, 15 నిమిషాలు పరచాలి. వేడినీళ్లు వాడితే దురద మరింత రేగుతుంది. చివర్లో మామూలు నీళ్లు ఒక్క చెంబు పోసి, తువ్వాలుతో తుడవకుండా అద్దాలి. ఓట్స్ లేకపోతే పలుచటి అన్నం గంజి చల్లారబెట్టి వాడుకోవచ్చు. అప్పటికప్పుడు వార్చినదై ఉండాలి, పులిసింది వద్దు, ఆరాక బంకలా పట్టకుండా కడగాలి. బాత్‌రూం నేల జారుతుంది, పెద్దవాళ్లను స్టూలు మీద కూర్చోబెట్టి పోయండి.

వేపాకు కాచి చల్లార్చిన నీళ్లు కడగడానికి ఫర్వాలేదు. వేపాకు, పసుపు నూరిన ముద్దను మాత్రం ఒప్పుకోలేం. ఆరాక ముద్ద పొక్కుకు పట్టేస్తుంది, తీయబోతే పొక్కు పైతోలు కూడా ఊడొస్తుంది. పసుపు రంగు పట్టిన చర్మం మీద ఎరుపు పెరుగుతోందా, చీము పడుతోందా అన్నది డాక్టరుకు కూడా సరిగా కనిపించదు. తేనె చర్మానికి మంచిదే కానీ కిరాణా సీసాలో తేనె శుద్ధి చేసిన కట్టు మందు కాదు, బంకతనానికి బట్టలు అంటుకుంటాయి. వెనిగర్, నిమ్మరసం, వెల్లుల్లి ముద్ద పచ్చి చర్మాన్ని కాలుస్తాయి, వాటి జోలికే పోవద్దు. తలనొప్పి బామ్‌లు కూడా అంతే. కలబంద వాడాలనుకుంటే మట్ట కోయగానే కారే పసుపు పాలు దురద పుట్టిస్తాయి. కోసిన వైపు కిందికి పెట్టి పావుగంట కారనిచ్చి, కడిగి, లోపలి తెల్ల గుజ్జు మాత్రమే తీయాలి. అదీ పక్కులు రాలి చర్మం మూసుకున్నాకే. షాపు జెల్‌లో ఆల్కహాల్ ఉంటే చురుక్కుమంటుంది.

పక్కు కట్టాక అంతకుముందు చేసిందంతా తిరగబడుతుంది. ఏడు నుంచి పది రోజుల్లో పొక్కులు ఎండుతాయి, ఇక ఎండబెట్టే పని మనం చేయకూడదు. కాలమైన్ ఆపేసి, సువాసన లేని సాదా పెట్రోలియం జెల్లీ పలుచగా రాసి, పుండుకు అంటుకోని పలుచటి కట్టు గుడ్డ (గాజ్) వదులుగా కప్పితే పక్కు మెత్తబడి తనంతట తాను రాలుతుంది, బట్ట రాపిడి కూడా తగ్గుతుంది. గిల్లితే మచ్చ మిగులుతుంది. ఈ దశకు ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు.

అసలు కష్టం కొందరికి ఆ తరువాత మొదలవుతుంది. చర్మం మామూలుగా ఉంటుంది, మచ్చ తప్ప ఏమీ కనిపించదు, కానీ బనియన్ తగిలినా, ఫ్యాను గాలి తగిలినా మంట. పొక్కులు వచ్చిన మూడు నెలలకు కూడా ఇలా ఉంటే దాన్ని సర్పి తరువాతి నరాల నొప్పి అంటారు. వయసు పెరిగే కొద్దీ ఇది ఎక్కువ. ఇంట్లోవాళ్లు పైకి ఏమీ కనిపించక, ఊరికే అంటున్నారని కొట్టిపారేస్తారు. ఈ నొప్పి కల్పన కాదు, దెబ్బతిన్న నరం మామూలు స్పర్శను కూడా నొప్పిగా పంపుతుంది.

క్యాప్సైసిన్ క్రీము రోజు ఇప్పుడు వస్తుంది. క్యాప్సైసిన్ అంటే మన గుంటూరు మిరపకాయకు కారాన్నిచ్చే పదార్థమే. చర్మంలో వేడినీ మంటనూ పసిగట్టే నరాల కొసల్ని ఇది పదే పదే రెచ్చగొట్టి చివరికి అలసిపోయేలా చేస్తుంది, అప్పుడు అవి నొప్పి కబురు పంపడం తగ్గిస్తాయి. ఆ కొసల మీద క్యాప్సైసిన్‌ను పట్టుకునే గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. అలసిపోయేదాకా ఆగాలి అన్నది ఇందులో కీలకం. ట్యూబు కొన్నవాళ్లలో చాలామంది మూడో రోజే పక్కన పడేస్తారు, ఎందుకంటే మొదటి వారం మంట పెరుగుతుంది.

కొనేటప్పుడు 0.025 శాతం, 0.075 శాతం అని రెండు బలాలు కనిపిస్తాయి. చిన్నదానితో మొదలుపెట్టడం మేలు. మన షాపుల్లో ఒక చిక్కు ఉంది. క్యాప్సైసిన్ అడిగితే డైక్లోఫెనాక్, మెంథాల్, మిథైల్ శాలిసిలేట్‌తో కలిపిన నడుంనొప్పి జెల్ చేతిలో పెడతారు. పేర్ల వరుసలో చివర క్యాప్సైసిన్ కనిపిస్తుంది కాబట్టి కొనేస్తాం. అది కండరాల నొప్పికి చేసింది, సర్పి చోట రాస్తే మిగతా మందులు చర్మాన్ని రేపుతాయి. మూలపదార్థాల్లో క్యాప్సైసిన్ ఒక్కటే ఉన్న ట్యూబు అడగండి.

పక్కులన్నీ రాలి, ఎక్కడా చిట్లిన చర్మం లేదని వెలుతురులో చూసుకున్నాకే మొదలుపెట్టాలి. పలుచటి గ్లౌజు వేసుకుని, అరచేయంత చోటుకు శనగగింజంత క్రీము తీసి, తెల్లదనం కనిపించకుండా ఇంకేదాకా రాయాలి. రోజుకు మూడు నుంచి నాలుగు సార్లు, వేళ తప్పకుండా. ఒకటి రెండు సార్లు మాత్రమే రాస్తే నరం అలసిపోదు, మంట మాత్రం మిగులుతుంది. మధ్యలో రెండు రోజులు మానేసి మళ్లీ మొదలుపెడితే మొదటి రోజు మంట మళ్లీ మొదటికొస్తుంది. వేన్నీళ్ల స్నానం చేసిన వెంటనే, చెమటలో, ఎండలో తిరిగొచ్చి రాస్తే భరించలేరు. స్నానానికీ పూతకూ గంట ఎడం ఉండాలి. గ్లౌజు తీశాక కూడా సబ్బుతో చేతులు కడిగి, అప్పుడే కళ్లద్దాలైనా ముట్టుకోవాలి. మరీ మండితే నీళ్లు పోయడం వల్ల లాభం లేదు, క్యాప్సైసిన్ నీటిలో కరగదు. కొబ్బరినూనె అద్దిన దూదితో తుడిచి, ఆ తరువాత సబ్బునీళ్లతో కడగాలి. ఫలితం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నెల దాటినా తేడా లేకపోతే ఆపేయండి. కంటి దగ్గర, ముఖం మీద ఇది వద్దే వద్దు.

ఇంట్లో కారప్పొడి నూనెలో కాచి రాసుకోవడం కొందరు చెబుతారు. ఎండుమిర్చిలో కారం కాయకూ కాయకూ మారుతుంది, బలం ఎంతో తెలియని నూనె చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది. దయచేసి చేయకండి.

నిజం చెప్పాలంటే ఈ తక్కువ బలం క్రీముల కన్నా ఆసుపత్రిలో వేసే 8 శాతం క్యాప్సైసిన్ ప్యాచ్‌కు రుజువులు గట్టిగా ఉన్నాయి. అమెరికాలో 2009లో అనుమతి వచ్చింది. ముందు తిమ్మిరి మందు రాసి, గంటసేపు అంటించి తీస్తారు, మళ్లీ కావాలంటే మూడు నెలలు ఆగాలి. అక్కడున్న తెలుగువాళ్లు నొప్పి నిపుణుల్ని దీని గురించి అడగొచ్చు.

మంట పెట్టని దారి కావాలనుకునేవాళ్లకు 5 శాతం లిడోకైన్ (తిమ్మిరి మందు) ప్యాచ్ నయం. పెద్దవయసువాళ్లకు క్రీము కన్నా ముందు దీన్నే చెబుతాం. 12 గంటలు ఉంచి 12 గంటలు తీసేయాలి, ఒకేసారి మూడు ప్యాచ్‌లకు మించకూడదు, చిట్లిన చర్మం మీద అంటించకూడదు. నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ మాత్రల్లా మత్తు, తూలు రాకపోవడం దీని పెద్ద సుగుణం. ఆ మాత్రలు అవసరమైనవాళ్లు రాత్రి బాత్‌రూం దారిలో లైటు వేసి ఉంచాలి.

బట్ట తగిలితేనే ప్రాణం పోతున్నట్టుండేవాళ్లకు ఇంకో చిన్న ఉపాయం ఉంది, చర్మం పూర్తిగా మానాక మాత్రమే. పారదర్శకంగా ఉండే పలుచటి డ్రెస్సింగ్ ఫిల్మ్ కానీ, వంటింట్లో గిన్నెల మీద కప్పే ప్లాస్టిక్ ఫిల్మ్ కానీ ఆ చోట ముడత లేకుండా పరిచి పైన బట్ట వేసుకోవాలి. అప్పుడు బట్ట ఫిల్మ్ మీద జారుతుంది, చర్మాన్ని గీకదు. తడి పొక్కు మీద ప్లాస్టిక్ కప్పడం తప్పు, ఇక్కడ మాత్రం అదే ఒప్పవుతుంది. చెమట పడితే తీసి ఆరబెట్టండి.

రాకముందే ఆపే సరుకు ఒకటుంది, షింగ్రిక్స్ టీకా. అమెరికాలో 2017లో, మన దేశంలో 2023లో వచ్చింది. 50 ఏళ్లు దాటినవాళ్లకు రెండు మోతాదులు, మధ్యలో 2 నుంచి 6 నెలల ఎడం. ఖరీదు ఎక్కువే. అయినా మధుమేహం ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే డాక్టరుతో మాట్లాడండి. ఇప్పటికే ఒకసారి సర్పి వచ్చి తగ్గినవాళ్లు కూడా, మళ్లీ రాకుండా, పొక్కులు పూర్తిగా మానాక వేయించుకోవచ్చు. సూది వేసిన చెయ్యి ఒకటి రెండు రోజులు బాగా సలుపుతుంది, జ్వరం, ఒళ్లునొప్పులు కూడా రావచ్చు. మర్నాడు ప్రయాణం, పెళ్లి పనులు లేని రోజు చూసుకుని వేయించండి.